అన్న గోల్... నా గోల

మా కాలేజీలో ఆగస్టులోనే ప్లేస్ అయిపోయినవాళ్లకి ఒక తీపి శిక్ష ఉంటుంది. దాని పేరు పీర్ మెంటరింగ్. మొదటి డ్రైవ్‌లోనే ఆఫర్ వచ్చేసింది కదా, ఇక ప్రాజెక్టు రివ్యూలు తప్ప పనేం లేదు అని మనం హాయిగా క్యాంటీన్లో కూర్చుని ఉండగా ప్లేస్‌మెంట్ సెల్ నుంచి మెయిల్ దిగుతుంది: మీకు ఆరుగురు మెంటీలను కేటాయించడమైనది. వాళ్ల రెజ్యూమెలు దిద్దాలి, మాక్ ఇంటర్వ్యూలు పెట్టాలి, జీడీలో నోరు తెరిపించాలి, హెచ్ఆర్ రౌండ్‌కి సిద్ధం చెయ్యాలి. వారానికి ఒక్కొక్కరికి 45 నిమిషాలు. బదులుగా చివర్లో ఒక సర్టిఫికెట్, సాయంత్రాలు సెమినార్ హాల్ ఏసీ.

మొదలుపెట్టే ముందు రెండు రోజులు ట్రైనింగ్ ఇచ్చారు. ఓపెన్ ఎలక్టివ్‌లో మాకు సైకాలజీ చెప్పే మేడమ్ వచ్చి, ముందుగా కోచింగ్ అనే మాటని మా బుర్రల్లోంచి కడిగేశారు. మనకి కోచింగ్ అంటే ఎంసెట్ కోచింగ్, గేట్ కోచింగ్, గ్రూప్స్ కోచింగ్. ఒకాయన బోర్డు మీద పోస్తూ ఉంటాడు, మనం గరాటుల్లా నోళ్లు తెరుచుకుని కూర్చుంటాం. మేడమ్ చెప్పిన కోచింగ్ దీనికి తిరగేసి. పొయ్యకూడదు, అడగాలి. గోల్, రియాలిటీ, ఆప్షన్స్, విల్ అని నాలుగు మెట్లు. ఏం కావాలి, ఇప్పుడు ఎక్కడున్నావు, దార్లేమున్నాయి, ఏం చేస్తావు. జాన్ విట్‌మోర్ అనే ఆయన 1992లో రాసిన 'కోచింగ్ ఫర్ పెర్ఫార్మెన్స్' పుస్తకంతో ఈ పద్ధతి బాగా పాకిందట. ఆయన అంతకుముందు కార్ల రేసర్. 1965లో యూరోపియన్ టూరింగ్ కార్ చాంపియన్. రేసుల్లోంచి వచ్చినవాడు పక్కవాడి చేతికి స్టీరింగ్ ఇచ్చి కూర్చోవడం ఎలా నేర్పాడో అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

మేడమ్ చెప్పిన దాంట్లో నేను నోట్స్‌లో రెండుసార్లు గీత గీసుకున్న వాక్యం: "గోల్ మెంటీది. అది మీకు నచ్చాల్సిన పని లేదు."

రాసుకున్నప్పుడు చాలా తేలిగ్గా అనిపించింది. నచ్చకపోవడం అంటే, ఎవరో కోర్ బ్రాంచ్ వదిలేసి టెస్టింగ్‌లోకి పోతానంటారు, నాకు నచ్చదు, అయినా సాయం చేస్తాను, అంతే కదా అనుకున్నా.

నా ఆరుగురిలో ఒకాయన మా క్లాసే. ఈసెట్ రాసి సెకండ్ ఇయర్‌లో చేరిన లాటరల్ ఎంట్రీ. డిప్లొమా అయ్యాక కొన్నాళ్లు ట్రాన్స్‌ఫార్మర్ల ఫ్యాక్టరీలో వైండింగ్ సెక్షన్లో పనిచేసి వచ్చాడు కాబట్టి మా అందరికన్నా మూడు నాలుగేళ్లు పెద్ద. క్లాసంతా అన్నా అనే పిలుస్తుంది, నేనూ అంతే. ఆయన అమ్మాయిలందర్నీ చెల్లెమ్మా అంటాడు. ఇది మ్యాగజైన్‌కి రాస్తానని అడిగితే "రాసుకో, ఊరు పేరు మాత్రం వెయ్యబాక" అన్నాడు. ప్రకాశం జిల్లా, పొగాకు వేసే ఊరు. అంతవరకే.

మొదటి సెషన్‌లో పుస్తకంలో ఉన్నట్టే అడిగా. "గోల్ ఏంటన్నా?"

"ఆఫర్ లెటరు."

"ఎలాంటి కంపెనీ? కోరా, సాఫ్ట్‌వేరా?"

"ఏదైనా సరే. మార్చిలోపు రావాల. నాకిప్పుడు సంబంధాలు చూస్తన్నారు. లెటరు చేతిలో ఉంటే పాతిక లక్షలు పలుకుద్ది. లేకపోతే పది కూడా రాదు."

ఏ దాపరికం లేకుండా, మెస్ ఫీజు ఎంతో చెప్పినట్టు చెప్పాడు. నేను నోట్‌బుక్‌లో గోల్ అని రాసి, పక్కన పెట్టిన రెండు చుక్కల తర్వాత ఏం రాయాలో తెలియక పెన్ను పట్టుకుని కూర్చున్నా.

ఎందుకంటే నా సంగతి కూడా చెప్పాలి. మా అక్క పెళ్లికి ఎకరం పాతిక సెంట్లు మాగాణి అమ్మారు. కట్నం కాక ఆడపడుచు కట్నం, లాంఛనాలు, పెట్టుపోతలు, చివర్లో బండి. ఆ పొలంలో ఇప్పుడు ఎవరో కొత్త మోటారు షెడ్డు కట్టుకున్నారు. మా నాన్న ఆ దారిన బండి మీద పోడు. చెరువు కట్ట మీదుగా చుట్టూ తిరిగి వెళ్తాడు, కిలోమీటరున్నర ఎక్కువ. ఎందుకని మేము ఎప్పుడూ అడగలేదు. కట్నం గురించి నా అభిప్రాయం డిబేట్ క్లబ్బులో తయారైంది కాదు.

చట్టం సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. వరకట్న నిషేధ చట్టం 1961 నాటిది. ఇవ్వడం, పుచ్చుకోవడం, వాటికి ప్రోద్బలం ఇవ్వడం మూడూ నేరాలే, కనీసం అయిదేళ్ల జైలు అని రాసి ఉంది. అడగడం విడిగా ఇంకో నేరం. అరవై ఏళ్లు దాటిన చట్టం. మా ఊళ్లో శుభలేఖల కన్నా ముందు తెలిసేది కట్నం అంకే. జాతీయ నేర గణాంకాల్లో 2022లో కూడా వరకట్న మరణాలు ఆరు వేలు దాటాయి. ప్రోద్బలం అన్న మాట దగ్గర నేను కాస్త ఆగాను. హెచ్ఆర్ రౌండ్‌కి తయారు చెయ్యడం ఏ కోర్టులోనూ ప్రోద్బలం కాదు, తెలుసు. కానీ ఆయన మాటల ప్రకారం నేను రెజ్యూమెలో దిద్దే ప్రతి లైనుకీ పెళ్లి మార్కెట్లో ఆయన రేటు పెరుగుతుంది. ఆ పెరిగిన రేటు ఇంకో ఊళ్లో ఇంకో నాన్న కట్టాలి.

సరే, రియాలిటీకి వద్దాం అన్నా. ఇక్కడే అసలు కథంతా బయటకొచ్చింది.

వాళ్ల చెల్లెలి పెళ్లికి వాళ్ల నాన్న 8 లక్షలు అప్పు తెచ్చాడు. రెండు రూపాయల వడ్డీ. ఊళ్ల సంగతి తెలియని హైదరాబాద్ మిత్రుల కోసం: రెండు రూపాయలంటే వందకి నెలకి రెండు రూపాయలు, అంటే ఏడాదికి 24 శాతం. 8 లక్షలకి నెలకి 16 వేలు, ఏడాదికి 1 లక్షా 92 వేలు. మూడేళ్ల నుంచి వడ్డీ మాత్రమే కడుతున్నారు. అంటే 5 లక్షల 76 వేలు కట్టేశారు, అసలు అసలుగానే ఉంది. ఇప్పుడు ఆయనకి మన కాలేజీలో మామూలుగా వచ్చే 3.6 లక్షల ప్యాకేజీ వచ్చిందే అనుకోండి. కోతలన్నీ పోగా చేతికొచ్చేది ఇరవై అయిదు, ఇరవై ఆరు వేలు. హాస్టలు, తిండి, బస్సు కలిపి పన్నెండు, పదమూడు. మిగిలింది మొత్తం ఇంటికి పంపినా వడ్డీకి చాలదు. ఉద్యోగం వచ్చాక కూడా ఆ ఇల్లు మునుగుతూనే ఉంటుంది. ఈ లెక్క ఆయన కాగితం లేకుండా నోటితో చెప్పేశాడు. ఎన్ని రాత్రులు వేసుకుని ఉంటాడో.

"మా నాన్న ఇచ్చింది నేను తేవద్దా? మా చెల్లి కట్నం పోయిన ఇంట్లో ఇంకో ఆడపిల్ల ఉంది. అది ఆ పిల్లకి పోయింది. ఆడనుంచి ఇంకో ఇంటికి పోయుంటది. చుట్టూ తిరిగేదేగా చెల్లెమ్మా. నేను ఆగితే నా దగ్గర తెగుద్ది."

తెగితే తెగనీ అన్నా అనాలని నాలిక చివరిదాకా వచ్చింది. అనలేదు. పొలం అమ్మిన ఇంటి పిల్ల అప్పు తెచ్చిన ఇంటి కొడుకుతో ఆ మాట అనడానికి హక్కు లేదని కాదు. 45 నిమిషాల్లో అప్పటికి ముప్పై ఎనిమిది అయిపోయాయి, ఆయన వచ్చింది ఇంటర్వ్యూ కోసం.

కానీ లేచే ముందు ఒక మాట చెప్పా. దాదాపు ఇవే మాటలు: "అన్నా, కట్నం తీసుకోవడం నాకు అస్సలు నచ్చదు. మా అక్క పెళ్లికి పొలం పోయింది. ఈ కోపం నీ మాక్‌లోకి రానివ్వను, నీకు ఏ ఒక్క సెషనూ తక్కువ చెయ్యను. కానీ నచ్చినట్టు నటించలేను. వేరే మెంటర్ కావాలంటే ఇవాళే మార్పిస్తా."

ఆయన నవ్వి, "నటించేవాళ్లు మా చుట్టాల్లోనే బోలెడుమంది ఉన్నార్లే. నువ్వే ఉండు" అన్నాడు.

ఆ మాట చెప్పడానికి నాకు ధైర్యం ఇచ్చింది కార్ల్ రోజర్స్. ఎలక్టివ్‌లో అయిదు మార్కుల ప్రశ్న కింద చదివిన మనిషి ఇలా పనికొస్తాడని అనుకోలేదు. 1957లో ఆయన ఒక వ్యాసం రాశాడు, మనిషి మారాలంటే ఎదుటి మనిషిలో ఏమేం ఉండాలి అని. అందులో ఒకటి అందరికీ తెలిసిందే: షరతుల్లేని ఆదరణ. నువ్వు ఇలా ఉంటేనే నిన్ను మనిషిగా చూస్తాను అనకపోవడం. మనవాళ్లు పోస్టర్లకి ఎక్కించేది అదొక్కటే. అదే జాబితాలో ఇంకోటి ఉంది, లోపల ఒకటి పైకి ఒకటి లేకపోవడం. ఈ రెండూ కలిపి చూస్తేనే నాకు అర్థమైంది, మొదటిది రెండోదాన్ని రద్దు చెయ్యదని. నేను ఆయన్ని గౌరవించాలి, అలాగని ఆయన గోల్‌ని మెచ్చుకున్నట్టు మొహం పెట్టకూడదు. మొహం పెడితే ఆ గౌరవం కూడా నకిలీదే అవుతుంది.

హాస్టల్‌కి వెళ్లి మా రూమ్మేట్‌కి చెబితే, అదీ మెంటరే, ఒక్క ముక్కలో తేల్చేసింది. "నీకు కుదరకపోతే వేరేవాళ్లకి ఇచ్చెయ్. ఎందుకే ఈ గోల?"

ఇచ్చెయ్యడం గురించి అమెరికాలో ఒక పెద్ద కేసే నడిచింది. మేడమ్ క్లాసులో చెప్పారు, తర్వాత నేను వెతికి చదివా. ఈస్టర్న్ మిషిగన్ యూనివర్సిటీలో వార్డ్ అనే కౌన్సెలింగ్ విద్యార్థిని ఉండేది. 2009లో ప్రాక్టికల్స్‌లో ఆమెకి ఒక క్లయింట్‌ని కేటాయించారు. ఫైలు చూస్తే అతను డిప్రెషన్‌తో వస్తున్నాడు, అంతకుముందు స్వలింగ సంబంధం గురించి కూడా కౌన్సెలింగ్ తీసుకున్నాడు. తన మతవిశ్వాసం ప్రకారం అలాంటి బంధాన్ని సమర్థిస్తూ మాట్లాడలేను, వేరేవాళ్లకి పంపండి అంది. యూనివర్సిటీ ఆమెని ప్రోగ్రామ్ నుంచి తీసేసింది. ఆమె కోర్టుకి వెళ్లింది. కింది కోర్టులో యూనివర్సిటీ గెలిచింది, 2012 జనవరిలో పై కోర్టు ఆ తీర్పు కొట్టేసి విచారణకి తిప్పి పంపింది, ఆ ఏడాది చివర్లో ఇద్దరూ రాజీ పడ్డారు. తర్వాత 2014లో అమెరికన్ కౌన్సెలింగ్ అసోసియేషన్ తన నియమావళిలో స్పష్టంగా రాసుకుంది: కేవలం మీ సొంత విలువలకి సరిపడలేదని క్లయింట్‌ని వేరేవాళ్ల దగ్గరికి పంపకూడదు, పంపాలంటే అసలు ఆ పనిలో మీకు నైపుణ్యం లేకపోవాలి. 2016లో టెనెసీ రాష్ట్రం దీనికి ఎదురుగా చట్టం చేసింది, నమ్మకాల కారణంగా పంపెయ్యొచ్చని. అసోసియేషన్ మర్నాటి ఏడాది మహాసభని అక్కణ్ణించి శాన్ ఫ్రాన్సిస్కోకి మార్చేసుకుంది.

మేము కౌన్సెలర్లం కాదు, ఏసీ కోసం కూర్చున్న ఫైనల్ ఇయర్ పిల్లలం. అయినా ఆ నియమం వెనకున్న భయం నాకు తెలిసిందే అనిపించింది. ఇచ్చేస్తే అవతలి మనిషికి ఏం వినిపిస్తుంది? నువ్వు తేడా, నిన్ను నేను ముట్టుకోను అని వినిపిస్తుంది. మన దేశంలో, మన హాస్టళ్లలో ఆ మాట ఎవరెవరికి ఎన్నెన్ని రకాలుగా వినిపిస్తుంటుందో మళ్లీ చెప్పక్కర్లేదు. అందుకే ఎంపిక ఆయనకే వదిలా. వెళ్లే హక్కు మెంటీది, తోసేసే హక్కు నాది కాదు అని నా లెక్క. రూమ్మేట్ ఇప్పటికీ ఒప్పుకోదు. "డాక్టర్లకి ఆ రూల్ ఓకే. నువ్వు వాలంటీర్‌వి. నీ మనసు పాడు చేసుకుని మరీ చెయ్యాలా?" అంటుంది. అందులోనూ పాయింట్ ఉంది.

ఇలా అన్నానని ఎవరొచ్చి ఏం అడిగినా చేస్తానని కాదు. అదే నవంబర్‌లో మా సీనియర్ ఒకతను ఫోన్ చేశాడు. పాసై ఏడాదిన్నర, ఇంకా ఉద్యోగం లేదు. అమీర్‌పేటలో ఏదో కన్సల్టెన్సీకి డబ్బులు కట్టి మూడేళ్ల అనుభవం కాగితాలు తెచ్చుకున్నాడు. ఆఫర్ లెటరు, పే స్లిప్పులు, రిలీవింగ్ లెటరు, అన్నీ ఉన్నాయి. లేనిదల్లా ఆ మూడేళ్లు. తను చెయ్యని ప్రాజెక్టు మీద నేను ప్రశ్నలు అడిగి, తడబడకుండా చెప్పేదాకా ప్రాక్టీస్ చేయించాలి. గంటకి ఇంత అని డబ్బులు కూడా ఇస్తానన్నాడు. పీఎఫ్ రికార్డు చూస్తే దొరికిపోతావు కదన్నా, యూఏఎన్ నంబర్ అడుగుతారు అంటే, దానికీ ఏదో దారి ఉందన్నాడు.

చెయ్యనన్నా. అతని మీద జాలి లేక కాదు. ఏడాదిన్నర ఖాళీగా ఇంట్లో కూర్చోవడం అంటే ఏంటో మా పెదనాన్న కొడుకుని చూశాను, భోజనం దగ్గర కూడా తల ఎత్తేవాడు కాదు. కానీ అక్కడ అడిగింది వేరే. అన్న ఇంటర్వ్యూలో చెప్పేదంతా నిజమే, ఆ నిజంతో తర్వాత ఆయన ఏం చేస్తాడన్నది నాకు నచ్చని విషయం. ఈ సీనియర్ విషయంలో నేను చేయించాల్సింది అబద్ధానికి రిహార్సలే. ఖాళీ ఏడాదిన్నరని దాచకుండా ఎలా చెప్పాలో, ఆ టైమ్‌లో నేర్చుకున్నది ఎలా చూపించాలో ప్రాక్టీస్ చేద్దాం రా, ఫ్రీగా చేస్తా అన్నా. తర్వాత చెప్తానన్నాడు. చెప్పలేదు.

ఇంకో జూనియర్ అమ్మాయి గురించి రెండు ముక్కలు. పుణెలో మంచి ఇంటర్న్‌షిప్ వస్తే, నాన్న వద్దన్నారని వదులుకుంది. నాకు ఒళ్లు మండింది. కానీ ఆ పిల్ల వచ్చింది నన్ను అభిప్రాయం అడగడానికి కాదు, కంపెనీకి నో ఎలా రాయాలో అడగడానికి. మర్యాదగా, తలుపు మూసుకుపోకుండా ఎలా రాయాలో ఇద్దరం కూర్చుని నాలుగు లైన్ల మెయిల్ రాశాం. "వద్దన్నది నాన్న ఒక్కరేనా, నీకూ వద్దా?" అని ఒక్క ప్రశ్న అడిగా. "నాకూ భయమే అక్కా, కానీ నాన్న మీద పెట్టేస్తే తేలిక కదా" అంది. నాకు తెలియని సమాధానం. నేను ముందే క్లాసు పీకి ఉంటే ఆ మాట బయటికి వచ్చేది కాదు.

సరే, అన్న దగ్గరికి మళ్లీ.

మూడో మెట్టు, ఆప్షన్స్. ఇక్కడ నాకు పెద్ద అనుమానం పట్టుకుంది. అప్పు తీర్చడానికి వేరే దారులేంటి అని నేను అడిగితే, అది కోచింగ్ ప్రశ్నా, కట్నం వద్దని మారువేషంలో చెప్పడమా? మన తెలుగు సాహిత్యంలో అందరికన్నా పేరున్న ట్యూషన్ మాస్టారు గిరీశం. వెంకటేశానికి చదువు చెప్తానని వెనకాల బండెక్కి, తనకి కావాల్సిన చోటికి పోయాడు. కన్యాశుల్కం 1897లో అచ్చయింది. అప్పుడు ఆడపిల్లకి వెల కట్టారు, ఇప్పుడు మగపిల్లాడికి కడుతున్నారు, అది వేరే వ్యాసం. నాకు గుర్తొచ్చింది గిరీశం బండే. మెంటీ ప్రయాణం పేరు చెప్పి నా ఊరికి నేను పోతున్నానా?

దీనికి నేను ఒక చిన్న పరీక్ష పెట్టుకున్నా. గోల్ నాకు నచ్చిన మెంటీని కూడా ఇదే ప్రశ్న అడుగుతానా? ఎంఎస్‌కి డబ్బులు కావాలి, అందుకే ఉద్యోగం అన్న అమ్మాయిని, ఆ డబ్బుకి వేరే దారులేమున్నాయి అని అప్పటికే అడిగి ఉన్నా. అందర్నీ అడిగే ప్రశ్న ఈయన్నీ అడగొచ్చు. సమాధానం దగ్గర మాత్రం నోరు మూసుకోవాలి.

అడిగా. ఆయన చాలాసేపు పెన్ను తిప్పుతూ కూర్చున్నాడు. తర్వాత ఇద్దరం లెక్కలేశాం. వాళ్లమ్మ దగ్గర మిగిలిన బంగారం మీద బ్యాంకులో ఓ 4 లక్షలు తెచ్చుకుని, సగం అప్పు ఇక్కడి నుంచి అక్కడికి మార్చితే, ఏడాదికి తొమ్మిది శాతం లెక్కన 36 వేలు వడ్డీ. ఇప్పుడు అదే 4 లక్షలకి 96 వేలు కడుతున్నారు. నెలకి 5 వేలు మిగులు. పంట పెట్టుబడికి కూడా వాళ్ల నాన్న అదే షావుకారు దగ్గరికి పోతున్నాడట. బ్యాంకు పంట రుణం 3 లక్షల దాకా ఏడు శాతానికి వస్తుంది, గడువులోపు కడితే నాలుగే పడుతుంది. ఇవన్నీ కలిపినా ఒక్క ఏడాదిలో తేలే అప్పు కాదు. అయిదారేళ్లు పడుతుంది. కట్నం అయితే ఒక్క ముహూర్తానికి తేలిపోతుంది. ఆయన ఆ రెండు అంకెలూ పక్కపక్కన రాసుకున్నాడు. ఏమీ అనలేదు. నేనూ అనలేదు. ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికన్నా కష్టమైంది ఆ రెండు నిమిషాలే. మా నాన్న చెరువు కట్ట మీద బండి తిప్పుకుంటూ పోవడం కళ్లముందు ఉంది. అయినా కాగితం మడిచి జేబులో పెట్టుకునేదాకా చూస్తూ కూర్చున్నా.

తర్వాత సెషన్లన్నీ అచ్చంగా ఇంటర్వ్యూ మీదే. ఇక్కడ మాత్రం నాకు సంతోషం తప్ప వేరే ఏం లేదని చెప్పాలి. ఆయన రెజ్యూమెలో ఫ్యాక్టరీ అనుభవం ఎక్కడో అడుగున, హాబీల పైన ఒక్క లైనులో ఉంది. అదేంటన్నా, ఇది కదా పైన ఉండాల్సింది అంటే, "కూలి పని లాంటిదేగా, ఏం రాస్తాం" అన్నాడు. ఆ పని గురించి చెప్పు అన్నా. కాయిల్ చుట్టేటప్పుడు ఇన్సులేషన్ పేపర్ ఎక్కడ చిరుగుతుందో, మెగ్గర్ రీడింగ్ పడిపోతే ముందు తేమని ఎందుకు అనుమానించాలో, రాత్రి షిఫ్టులో ఒకసారి తను పట్టుకున్న లోపం ఏంటో, పది నిమిషాలు ఆగకుండా చెప్పాడు. మా ల్యాబ్‌లో మెగ్గర్ ముందు నిలబడి రీడింగ్ పక్క బ్యాచ్‌ని అడిగే జనం మధ్య ఈయన కూర్చున్నాడు. అదంతా సగం తెలుగు, సగం ఇంగ్లీషులో. ఆ ఇంగ్లీషు సగాన్ని ముప్పాతిక చెయ్యడానికి నాలుగు వారాలు పట్టింది.

అయిదేళ్ల తర్వాత నిన్ను నువ్వు ఎక్కడ చూసుకుంటున్నావు అనే దిక్కుమాలిన ప్రశ్న ఉంది కదా. అందరూ మేనేజర్ అంటారు. ఆయన మాక్‌లో "అప్పు లేని ఇంట్లో" అన్నాడు. ఇది చెప్పొచ్చా అని అడిగాడు. చెప్పొచ్చు, కానీ దాని వెనకాలే టెస్టింగ్ ఇంజినీర్‌గా ఎక్కడుంటావో కూడా చెప్పు అన్నా. రెండూ కలిపి రెండు వాక్యాలు తయారుచేసుకున్నాడు. జనవరిలో ఒక కోర్ కంపెనీ ఇంటర్వ్యూలో అవే చెప్పాడట. ఆఫర్ వచ్చింది. 3.6 లక్షలు. మార్చిలోపే. క్యాంటీన్లో అందరికీ ఆయనే పునుగులు ఇప్పించాడు.

ఫిబ్రవరి రెండో వారంలో వాట్సాప్‌లో ఒక పీడీఎఫ్ వచ్చింది. "చెల్లెమ్మా, ఇంగ్లీషు ఒకసారి చూడు." తెరిస్తే పెళ్లి బయోడేటా. ఎత్తు, గోత్రం, నక్షత్రం, ఉద్యోగం, ప్యాకేజీ. నేను దిద్దిన రెజ్యూమె హెడ్డింగే పైన పెట్టుకున్నాడు, ఫాంట్ కూడా అదే. అడుగున ఎక్స్‌పెక్టేషన్స్ అని ఒక లైను, దాని పక్కన అంకె. పాతిక కాదు, పద్దెనిమిది. తగ్గడానికి కారణం ప్యాకేజీనా, బంగారం లోన్ లెక్కా, పెళ్లిళ్ల పేరయ్య సలహానా, నేను అడగలేదు.

ఇది మాత్రం చూడనని రాశా. "అన్నా, రెజ్యూమె మెంటర్‌గా చూశా. ఇంకో పది ఇంటర్వ్యూలకి వెళ్లినా చూస్తా. ఇది అది కాదు. ఆ చివరి లైను ఉన్న కాగితంలో నేను కామా కూడా దిద్దను."

రెండు నీలం టిక్కులు పడ్డాయి. సాయంత్రం దాకా ఏమీ రాలేదు. హాస్టల్ బయట రూమ్మేట్‌తో కలిసి మొక్కజొన్న పొత్తులు తింటుంటే మెసేజ్ వచ్చింది.

"ఆ లైను తీసేస్తే చూస్తావా?"

చూస్తానన్నా.

రెండు వారాలైంది, ఇంకా పంపలేదు. మొన్న ల్యాబ్ ఎక్స్‌టర్నల్ రోజు కారిడార్‌లో కనపడి, వాళ్ల నాన్నతో మాట్లాడాలన్నాడు, ఈ ఆదివారం ఊరెళ్తున్నాడట.